పెంపుడు బల్లికి ఇంట్లోనే గూడు కట్టడం: థర్మాకోల్, గ్రౌట్, సీలర్ గొడవ మొత్తం ఒకచోట

లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లికి ఇంట్లోనే హైడ్, అంటే దాక్కునే గూడు, చేద్దాం, వెనక రాళ్ళ గోడలాంటి బ్యాక్‌గ్రౌండ్ కూడా చేద్దాం అని నెట్‌లో వెతకడం మొదలుపెడితే పావుగంటలో బుర్ర వేడెక్కిపోతుంది. ఒకాయన థర్మాకోల్ విషం అంటాడు, పక్కనే ఇంకొకాయన ఏళ్ళ తరబడి అదే వాడుతున్నా మా బల్లికి ఏం కాలేదంటాడు, టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ పూస్తే చాలు నీళ్ళు లోపలికి పోవని ఒకరు, పోతాయి దానిమీద సీలర్ కొట్టాల్సిందే అని ఇంకొకరు, ఆ సీలర్ ఏది అనేదానిమీద మళ్ళీ ఇంకో కొట్లాట. నాకు అర్థమైనంతవరకు ఈ గందరగోళం ఎందుకంటే అందరూ మెటీరియల్ దగ్గర మొదలుపెడుతున్నారు. వేడి ఎటునుంచి వస్తోంది, ఆ జీవి ఒళ్ళు ఎంత, ఈ రెండూ ముందు తేల్చుకుంటే ఏ గూడు దేనితో చెయ్యాలో సగం దానంతటదే తేలిపోతుంది. మిగతా సగం కెమిస్ట్రీ, అదీ మన ఇళ్ళకి స్లాబ్ వేసినప్పుడు చూసిన కెమిస్ట్రీయే, కొత్తదేం కాదు.

ఇక్కడ అమెరికాలో మన తెలుగు ఇళ్ళల్లో పిల్లలు కుక్క కావాలని మారాం చేస్తే, అపార్ట్‌మెంట్ వాళ్ళు ఒప్పుకోరనో, ఇండియా వెళ్ళినప్పుడు ఎవరికి అప్పజెప్పాలనో ఆలోచించి ఆలోచించి చివరికి బేరం లెపర్డ్ గెకో దగ్గర తెగుతుంది. వీడియో కాల్‌లో అమ్మమ్మలకి చూపిస్తే, మీద పడితే పంచాంగం తీసి బల్లిపాటు ఫలం చూసుకునే వాళ్ళం, మీరు డబ్బులిచ్చి కొనుక్కున్నారా అని నోరెళ్ళబెడతారు, అది వేరే సంగతి. ఇది మన గోడమీది బల్లి మాత్రం కాదు. దీనికి కనురెప్పలుంటాయి, వేళ్ళ కింద అతుక్కునే మెత్తలుండవు, అందుకే అద్దం ఎక్కలేదు, కానీ గరుకు రాయి దొరికితే గోళ్ళతో పాక్కుంటూ ఎక్కేస్తుంది. 1854లో ఎడ్వర్డ్ బ్లైత్ దీన్ని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించాడు, పంజాబ్ సాల్ట్ రేంజ్ కొండల నుంచి వచ్చిన నమూనాలతో, ఆ కొండలు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్నాయి. పొడి నేల, రాళ్ళు, రాళ్ళ మధ్య సందులు, పగలంతా ఆ సందుల్లో పడుకుని సందెవేళకి బయటికొచ్చే జీవి. దీని చుట్టం ఒకటి మన తూర్పు కనుమల్లోనే, ఆంధ్ర ఒడిశా కొండల్లోనే ఉంది, యూబ్లెఫారిస్ పిక్టస్ అని 2022లో దాన్ని వేరే జాతిగా గుర్తించారు.

ఆ మాట వచ్చింది కాబట్టి ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్ళకి ఒకటి చెప్పెయ్యాలి. నక్షత్ర తాబేలు, ఉడుము, కొండచిలువ, ఇలాంటి మన అడవి జీవుల్ని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం, దుకాణంవాడు ఏం చెప్పినా సరే. బాల్ పైథాన్, ఇగ్వానా లాంటి విదేశీ జాతుల్లో సైటిస్ (వన్యజీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నవాటికి చట్టానికి 2022లో చేసిన సవరణ, ఆ తర్వాత 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. గూడు సంగతి ఆ తర్వాత.

మూడు గూళ్ళు ఎందుకు

దాక్కోడానికే అయితే ఒక్క గూడు సరిపోవాలి కదా. సరిపోదు, ఎందుకంటే గెకో ఒంట్లో వేడి సొంతంగా పుట్టదు, తిన్న పురుగు అరగాలంటే వెచ్చటి చోట పడుకోవాలి, ఎక్కువైతే చల్లటి చోటికి వెళ్ళాలి, రోజంతా అటూ ఇటూ మారుతూ ఒంటి వేడి సర్దుకోవడమే దాని బతుకు. అందుకే దాన్ని పెట్టే గాజు ట్యాంక్‌లో ఒకవైపు వేడి, ఇంకోవైపు చల్లన ఉంచుతాం. వేడివైపు గూడులో నేల 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్, ఇక్కడి లెక్కలో 90 నుంచి 93 ఫారెన్‌హీట్, చల్లటివైపు 24 డిగ్రీల దగ్గర. ఇప్పుడు మీరు ఎంతో కష్టపడి ఒక అందమైన గుహ చేసి, అది ట్యాంక్‌లో బాగా కనబడేది అక్కడే కదా అని చల్లటివైపు పెట్టారనుకోండి, ఆ జీవికి రెండే దారులు, దాక్కుని చలిలో ఉండటం, లేదా బయటపడి వేడిలో ఉండటం. అది దాక్కోడమే ఎంచుకుంటుంది, ఎందుకంటే బయట ఉంటే గద్ద ఎత్తుకుపోతుందని దాని నరనరంలో ఉంది, మీ లివింగ్ రూమ్‌లో గద్దలుండవని దానికెవరు చెప్తారు. ఆ చలిలో తిన్నది అరగదు, అరక్క తిండి మానేస్తుంది, మనం పురుగుల బ్రాండ్ మారుస్తూ కూర్చుంటాం.

మూడోది తేమ గూడు, లోపల తడిపిన స్ఫాగ్నమ్ నాచు పెట్టి ఉంచేది, కుబుసం విడిచేటప్పుడు అందులోకి దూరుతుంది. ఇది లేకపోతే వేళ్ళ చివర పాత చర్మం ఉంగరంలా బిగుసుకుని రక్తం ఆగిపోయి వేళ్ళే ఊడిపోతాయి, కాళ్ళకి వేళ్ళు తక్కువున్న లెపర్డ్ గెకోల్ని చూస్తే చాలావరకు కథ అదే.

సైజు విషయంలో మన బుద్ధి మనల్ని మోసం చేస్తుంది. విశాలంగా ఉంటే హాయిగా ఉంటుందనుకుంటాం, అది మనుషుల లెక్క. బల్లులకీ పాములకీ వీపు, పక్కలు గోడకి ఆనితేనే దాక్కున్నట్టు, లేకపోతే చీకటి గదిలో నడిమధ్యన నిలబడ్డట్టే. పెద్ద గెకో తోకతో కలిపి 20 నుంచి 25 సెంటీమీటర్లు ఉంటుంది, అది తోక చుట్టుకుని పడుకుంటే ఎంత చోటు పడుతుందో అంతే నేల, కాళ్ళమీద లేస్తే వీపు కప్పుకి దాదాపు తగిలేంత ఎత్తు. గుమ్మం మాత్రం దాని ఒంట్లో అన్నిటికంటే లావుగా ఉండే చోటికంటే కొంచెం వెడల్పుండాలి, తల పట్టింది కదా అని కొలిచి వదిలెయ్యకూడదు, పొట్ట నిండా తిన్న రోజుంటుంది, ఆడదైతే గుడ్లతో ఉన్న రోజులుంటాయి.

వేడి కిందనుంచా, పైనుంచా

నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే, కానీ వీడియోల్లో దీనిమీద ఒక్క ముక్క ఉండదు, గంటసేపు రంగులేయడమే చూపిస్తారు.

థర్మాకోల్ అంటే ఏంటి, వేడి దాటనివ్వని సరుకు. ఇక్కడి ఇళ్ళ గోడల్లో అదే పనికి పెడతారు, వేడిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్ వేల్యూ తెల్ల థర్మాకోల్ బోర్డుకి అంగుళానికి 4 దగ్గర, గులాబీ రంగు నీలం రంగుల్లో దొరికే గట్టి ఫోమ్ బోర్డుకి 5 దగ్గర ఉంటుంది. అలాంటిదాన్ని మీరు చెక్కి, గ్రౌట్ పూసి, ముచ్చటైన గుహ చేసి వేడి బల్బు కింద పెడితే పైకప్పు కాలిపోతుంది, లోపల మాత్రం చల్లగానే ఉంటుంది, ఎందుకంటే రెండంగుళాల ఇన్సులేషన్ మధ్యలో కూర్చుంది. అంటే మీ దగ్గర పేరుకి వేడివైపు గూడు ఉంది కానీ నిజానికి రెండూ చల్లటి గూళ్ళే. అదే వేడి ట్యాంక్ అడుగున అంటించే హీట్ మ్యాట్ నుంచి వస్తుంటే సమస్య తిరగబడుతుంది, గుహకి ఫోమ్ అడుగు ఉంటే వేడి పైకి రాలేక కిందే పేరుకుపోతుంది, మ్యాట్ మితిమీరి వేడెక్కుతుంది, గాజు పగిలే ప్రమాదం కూడా ఉంది. మ్యాట్ అయినా బల్బు అయినా వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా పెట్టకూడదన్నది ఎలాగూ ఉంది, కానీ థర్మోస్టాట్ ఉన్నంత మాత్రాన ఫోమ్ లోంచి వేడి దూసుకురాదు.

కాబట్టి పైనుంచి బల్బు వేడి అయితే వేడివైపు గూటికి ఫోమ్ వద్దు, పలచటి రాయి కావాలి. హోమ్ డిపో, లోస్ లాంటి చోట్ల నేల మీద వేసే స్లేట్ పలకలు దొరుకుతాయి, అడుగు బై అడుగు, సీల్ చెయ్యని సహజమైన స్లేట్ చూసి తెచ్చుకుని, ఒకదాన్ని సుత్తితో గుడ్డలో చుట్టి పగలగొట్టి ఆ ముక్కల్ని రెండు మూడు వరసలు పేర్చి సిలికాన్‌తో అతికిస్తే గోడలు, ఇంకో పలక కప్పు, అంతే. నలుపు రాయి బల్బు వేడిని బాగా పీల్చి కిందికి ఇస్తుంది, బల్బు ఆపాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది, సరిగ్గా గెకో నిద్రలేచి బయటికొచ్చే టైమ్‌కి ఆ వెచ్చదనం దానికి దొరుకుతుంది. కిందనుంచి మ్యాట్ అయితే అడుగు లేని గూడు, ఏ మెటీరియల్ అయినా పరవాలేదు, లేదా అడుగుకి ఒక పలచటి టైల్. ఫోమ్ గుహని పారెయ్యక్కర్లేదు, అది చల్లటివైపుకీ తేమ గూటికీ బ్రహ్మాండంగా పనికొస్తుంది, వేడిని రానివ్వని గుణమే అక్కడ మంచిది. నిజంగా ఎంత వేడి ఉందో తెలియాలంటే దూరంనుంచి వేడి కొలిచే లేజర్ గన్‌తో కప్పుమీద కొడితే అది కప్పు సంగతే చెప్తుంది, వైరు చివర ప్రోబ్ ఉన్న థర్మామీటర్ ఒకటి గూటి లోపల నేలమీద పెట్టి కొన్ని గంటలు వదిలి చూడాలి.

రాయితో చేసేవాళ్ళు ఒక్కటి మాత్రం మర్చిపోకూడదు. రాతి గూడు కాళ్ళు ట్యాంక్ అడుగు గాజుమీదో, అక్కడ పరిచిన టైల్ మీదో నేరుగా ఆనాలి, మట్టీ ఇసకా ఆ తర్వాత చుట్టూ పొయ్యాలి. ముందు మట్టి పోసి దానిమీద రాయి పెడితే, గెకో కింద తవ్వుకుంటూ పోతుంది, రాయి కుంగి దానిమీదే కూర్చుంటుంది. 60, 70 గ్రాముల జీవి, దానికి అరకిలో రాయి చాలు.

కొబ్బరి చిప్ప, పూలకుండీ

ఇంత గొడవ లేకుండా గూడు కావాలంటే మన ఇంట్లో ఉన్నవే చాలు. పిల్ల గెకోలకి కొబ్బరి చిప్ప మంచి గూడు, లోపల కొబ్బరి పొర కొంచెం కూడా మిగలకుండా గీకేసి, మరిగే నీళ్ళలో వేసి తీసి, బాగా ఎండబెట్టి, అంచున చిన్న రంపంతో గుమ్మం కోసి, కోసిన చోట సాండ్‌పేపర్‌తో రుద్దితే అయిపోయింది, కొబ్బరి మిగిలితే మాత్రం రెండో రోజే బూజు. పూలకుండీని అడ్డంగా పడేసి సగం మట్టిలో పూడిస్తే పెద్ద గెకోకి సరిపోయే గుహ, పాలిష్ లేని ఎర్రమట్టి కుండీ నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి తేమ గూడుకి ఇంకా బాగుంటుంది. కుండీ అడుగున నీళ్ళు పోయే చిల్లు ఉంటుంది చూడండి, దాన్ని అలాగే వదలొద్దు, పాముని పెంచేవాళ్ళయితే మరీను, తల పట్టే చిల్లులో పాము దూరుతుంది, సగం వెళ్ళాక పొట్ట దగ్గర ఇరుక్కుంటుంది, పొలుసులు వెనక్కి రానివ్వవు. మూసెయ్యండి, లేదా గుమ్మంలా పెద్దది చెయ్యండి. ప్లాస్టిక్ డబ్బాకి గుమ్మం కోసినా తప్పు లేదు, బల్లికి అందంతో పనిలేదు, కోసిన అంచులు నునుపుగా ఉంటే చాలు. ఏదైనా అతికించడానికి సెల్లో టేపు గానీ డక్ట్ టేపు గానీ ట్యాంక్ లోపల వాడకండి, పాముకి అంటుకుంటే తీసేటప్పుడు చర్మం ఊడొస్తుంది. చెక్క ముక్కలు పెట్టేవాళ్ళు దేవదారు జాతి సీడార్ మాత్రం వద్దు, ఆ వాసన నూనెలు మూసిన ట్యాంక్‌లో ఈ జీవులకి పడవు.

బ్యాక్‌గ్రౌండ్ చెక్కడం

బ్యాక్‌గ్రౌండ్ మన కళ్ళకోసమే అనేవాళ్ళున్నారు, సగం నిజం. మెట్లు, అరుగులు లేని చదును గోడ అయితే అది మన ఫొటోలకే. అదే గోడకి అరుగులుంటే ట్యాంక్‌లో నడిచే చోటు పెరుగుతుంది, అరుగు కింద నీడ దొరుకుతుంది. కానీ రెండంగుళాల మందం బోర్డు కిందనుంచి పైదాకా పెడితే 40 గ్యాలన్ల బ్రీడర్ ట్యాంక్‌లో, అది 36 అంగుళాల పొడవు 18 వెడల్పు, వెడల్పు 16కి పడిపోతుంది. గెకో నేలమీద తిరిగే జీవి, దాని నేల కోసెయ్యడం ఎందుకు, అందుకని కింద పలచగా ఉంచి పైకి పోయేకొద్దీ అరుగులు ముందుకి తోసుకొచ్చేలా చెక్కితే నేలా మిగులుతుంది, చూడ్డానికీ బాగుంటుంది.

కొయ్యడానికి ముందు చేపల ట్యాంక్ అయితే పైన ప్లాస్టిక్ చట్రం చూసుకోండి, అది లోపలికి అంగుళంలో కొంత పొడుచుకొస్తుంది, కొన్నిటికి మధ్యలో అడ్డ పట్టీ కూడా ఉంటుంది. లోపలి కొలత పెట్టి ఒకే ముక్కగా చేస్తే ఎంత అందంగా వచ్చినా లోపలికి దిగదు. రెండో మూడో ముక్కలుగా చేసి, అతుకు రాయి పగులులా కనిపించే చోట పెట్టుకుంటే లోపల అతికించాక గ్రౌట్‌తో కప్పెయ్యొచ్చు.

తెల్ల థర్మాకోల్ చెక్కితే పూసలు రాలి ఇల్లంతా అంటుకుంటాయి, గులాబీ నీలం బోర్డు శుభ్రంగా తెగుతుంది. తాడిపత్రి, బేతంచర్ల వైపు నాపరాయి క్వారీలు చూసినవాళ్ళకి రాయి పొరలు పొరలుగా ఎలా విడుతుందో తెలుసు, అదే మనసులో పెట్టుకోండి, పలకలు అడ్డంగా, ఒకటి మందం ఒకటి పలచన, అన్నీ ఒకే వైపు కొంచెం వాలుగా. కత్తితో పూర్తిగా కోస్తే కేకు కోసిన అంచులా నున్నగా ఉంటుంది, రాయిలా ఉండదు, అందుకని కత్తిని సగం లోతు దించి మిగతాది చేత్తో విరిచెయ్యాలి, విరిగిన అంచు గరుగ్గా అచ్చం రాయిలా వస్తుంది. మిగిలిన చదును చోట్ల వంటింటి అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి గట్టిగా నొక్కుతూ దొర్లిస్తే చిన్న చిన్న గుంటలు పడతాయి, గ్రౌట్ వేశాక ఆ గుంటలే రాయిని రాయిలా చూపిస్తాయి. హీట్ గన్‌తో కరిగించి ఆకారం ఇచ్చేవాళ్ళు బయట వరండాలో చెయ్యండి, ఆ పొగ పీల్చేది కాదు.

చిన్నప్పుడు థర్మాకోల్ ముక్క పెట్రోల్లో వేస్తే కరిగిపోవడం చూసే ఉంటారు. కాంటాక్ట్ అడ్హెసివ్‌లూ మామూలు స్ప్రే పెయింట్లూ అదే పని చేస్తాయి, వాటిలో ఉన్న సాల్వెంట్ ఫోమ్‌ని తినేస్తుంది. అతకడానికి సిలికాన్, రంగుకి నీళ్ళతో కలిసే యాక్రిలిక్. సిలికాన్ కూడా అక్వేరియంకి అని రాసి ఉన్నది తీసుకోండి, బాత్‌రూమ్‌కి అమ్మే దాంట్లో బూజు రాకుండా మందు కలుపుతారు. ఆరేటప్పుడు వచ్చే వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి.

విషమా కాదా

అసలు గొడవ ఇదే కాబట్టి నింపాదిగా చూద్దాం. దాదాపు ప్రతి మెటీరియల్ విషయంలోనూ జవాబు ఒకటే, తడిగా ఉన్నప్పుడు ప్రమాదం, పూర్తిగా గట్టిపడ్డాక కాదు. కొట్లాడుకునే ఇద్దరూ నిజమే చెప్తున్నారు, ఒకరు గట్టిపడకముందు సంగతి, ఒకరు తర్వాత సంగతి.

డబ్బాలోంచి నురగలా వచ్చి ఉబ్బే ఫోమ్ ఉంటుంది కదా, గ్రేట్ స్టఫ్ అని, చెరువులకీ ఫౌంటెన్లకీ వాడే నల్లటి పాండ్ అండ్ స్టోన్ రకం కూడా దొరుకుతుంది. అది పాలీయురేథేన్, బయటికొచ్చేటప్పుడు ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి మంచివి కావు, చేతికంటితే రోజుల తరబడి పోదు, డబ్బాలో ఒత్తిడికి వాడే గ్యాస్ మంటంటుకునేది, కాబట్టి గ్లోవ్స్ వేసుకుని, కిటికీలు తీసి, స్టౌ దూరంగా. అది గాల్లో తేమ పీల్చుకుని గట్టిపడుతుంది, అందుకే ఒకేసారి లావుగా కొడితే పైన గట్టిపడి లోపల జిగురుగానే ఉండిపోతుంది, పలచగా పొరలు పొరలుగా, మధ్యలో సన్నగా నీళ్ళు చిలకరిస్తూ వెయ్యాలి. గట్టిపడ్డాక దాంతో పేచీ లేదు, ఒక్క వేడితో తప్ప, డబ్బామీదే 240 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటనివ్వొద్దని ఉంటుంది. తెల్ల థర్మాకోల్ అంతకంటే ముందే, 80 సెల్సియస్ చుట్టుపక్కలే మెత్తబడుతుంది. హాలోజన్ బల్బు ముందు ఆ వేడి రావడం ఏమంత పెద్ద విషయం కాదు.

గ్రౌట్ సిమెంటే. స్లాబ్ వేశాక కట్టలు కట్టి రోజుల తరబడి నీళ్ళు ఎందుకు నిలబెడతారో తెలిసినవాళ్ళకి ఇక్కడ చెప్పాల్సింది తక్కువ. సిమెంట్ ఎండి గట్టిపడదు, నీళ్ళతో కలిసి గట్టిపడుతుంది, అందుకని ఫ్యాన్ కింద పెట్టి, హెయిర్ డ్రైయర్ కొట్టి తొందరపెడితే పగుళ్ళొస్తాయి. మొదటి పొర బాగా పలచగా, చెక్కిన గుంటల్లోకి కూడా పాకేలా బ్రష్‌తో కొట్టాలి, అది గట్టిపడ్డాక తర్వాతి పొరలు దోసెల పిండి జారుగా, మొత్తం మూడు నాలుగు పొరలు, పొరకీ పొరకీ మధ్య స్ప్రే బాటిల్‌తో తడుపుతూ. మొదటి పొర నల్లటి రంగు కలిపి వేసి, పైకి పోయేకొద్దీ లేత రంగులు, చివరిది దాదాపు పొడి బ్రష్‌తో ఎత్తు భాగాలకి మాత్రమే తగిలేలా వేస్తే పగుళ్ళలో నలుపు మిగిలి లోతు కనబడుతుంది, వేరే పెయింటింగ్ నైపుణ్యం అక్కర్లేదు. గ్రౌట్ పొడి కలిపేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, అందులో సిలికా ఉంటుంది.

గట్టిపడిన కొత్త సిమెంట్‌లో సున్నం మిగిలి ఉంటుంది, దాన్ని తడిపితే వచ్చే నీళ్ళ పీహెచ్ 12 దాకా పోతుంది, మేస్త్రీల చేతులు పగిలేది దానివల్లే. గెకో గోడమీది నీటి చుక్కలు నాకుతుంది, కాబట్టి వెనిగర్ కలిపిన నీళ్ళతో ఒకటికి రెండుసార్లు కడిగి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి, కారిన నీళ్ళలో పీహెచ్ స్ట్రిప్ ముంచి చూసుకుంటే అనుమానం తీరిపోతుంది. ఆ పని అయ్యాకే సీలర్, ముందు కాదు.

సీలర్ ఎందుకంటే గ్రౌట్‌కి గట్టిదనం ఉంది గానీ నీళ్ళు ఆపే గుణం లేదు, సన్నటి రంధ్రాలు, అందులోకి మలమూత్రాలు, నీళ్ళు పోయి వాసన పట్టేస్తుంది. ఫోమ్ ఆకారం ఇస్తుంది, గ్రౌట్ గోళ్ళు ఆపుతుంది, సీలర్ తడి ఆపుతుంది, ఎవరి పని వాళ్ళది, ఒకరి పని ఇంకొకరు చెయ్యరు. పొడిగా ఉండే గెకో ట్యాంక్‌కి నీళ్ళతో కలిసే పాలీయురేథేన్, మెరుపు లేని మ్యాట్ రకం, రెండు మూడు పూతలు చాలు. మాడ్ పాడ్జ్ అనే క్రాఫ్ట్ జిగురు మామూలు రకం చాలామంది చెప్తారు గానీ అది నీళ్ళకి నిలబడేది కాదు, తేమ తగిలితే మళ్ళీ జిగురెక్కుతుంది, తేమ గూటిమీద అయితే అస్సలు వద్దు. రోజూ నీళ్ళు కొట్టే క్రెస్టెడ్ గెకో, కప్పల ట్యాంకులకి గ్రౌట్ బదులు బేస్‌మెంట్ గోడలకి వేసే డ్రైలాక్ వాడతారు, లేదా ఫోమ్ మీద సిలికాన్ పూసి అది తడిగా ఉండగానే కొబ్బరి పొట్టు అద్దేస్తారు, ఇక్కడ పెట్ స్టోర్లలో ఇటుకల్లా నొక్కి అమ్ముతారు కదా, అదే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఆ తడికి సుద్దలా రాలిపోతుంది, దాని జోలికి పోకండి. ఇక డబ్బామీద రెండు గంటల్లో ఆరుతుంది అని ఉంటే అది చేతికంటకుండా ఆరడం, లోపలిదాకా గట్టిపడటానికి వారాలు పట్టొచ్చు, ఆ రెండో నంబరు డబ్బామీద చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి.

సందులు, పురుగులు

బ్యాక్‌గ్రౌండ్‌కీ గాజుకీ మధ్య సందు వదిలితే మేతకి వదిలిన కీచురాళ్ళు అందులో కాపురం పెడతాయి, రాత్రంతా కూస్తాయి, అది మనకి నరకం. వాటి వెనకే గెకో తల దూర్చి ఇరుక్కుంటే అది దానికి. అంచులన్నీ సిలికాన్‌తో మూసెయ్యాలి. గ్రౌట్ పట్టని ఫోమ్ వెనకవైపు ఎక్కడైనా బయటికి కనిపిస్తుంటే అదీ మూసెయ్యాలి, ఎందుకంటే గెకోకి మేతగా వేసే మీల్‌వర్మ్ పురుగులు థర్మాకోల్ తింటాయి, ఇది మాటవరసకి అనడం లేదు, 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు, 2022లో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్ళు సూపర్‌వర్మ్‌లు కూడా దాన్ని తిని బతకగలవని చూపించారు. ప్లాస్టిక్ చెత్త సమస్యకి అది శుభవార్త, మీరు చెక్కిన గోడకి కాదు, పైగా ఆ ఫోమ్ తిన్న పురుగుని తర్వాత తినేది మీ బల్లి.

అరుగులు కట్టేటప్పుడు బల్బు దూరం మళ్ళీ కొలవాలి. నేలమీద 34 డిగ్రీలు ఉండేలా బల్బు సర్దాక, దాని కిందే తొమ్మిదంగుళాల ఎత్తున అరుగు పెడితే అక్కడ వేడి ఎంత ఉంటుందో ఊహించండి, యూవీబీ (అతినీలలోహిత కాంతి) ట్యూబ్ ఉంటే దాని తీవ్రత కూడా దగ్గరకెళ్ళేకొద్దీ పెరుగుతుంది. ఎత్తైన అరుగు చల్లటివైపు పెట్టండి, వేడివైపు తక్కువ ఎత్తులో వెడల్పుగా ఉంచండి. కిందపడినా దెబ్బ తగలకుండా అరుగు కింద నేల రాళ్ళు లేకుండా ఉంటే మంచిది, ఇది ఎక్కడం వచ్చు గానీ దిగడంలో అంత నేర్పరి కాదు.

అంతా బిగించాక గెకోని వెంటనే దింపొద్దు. బల్బులు, థర్మోస్టాట్ మామూలుగా ఎలా నడుస్తాయో అలాగే, తలుపు మూసి, కొన్ని రోజులు ఖాళీ ట్యాంక్‌ని నడపండి. వేడికి మిగిలిన వాసనలన్నీ బయటికొస్తాయి, చల్లగా ఉన్నప్పుడు రాని వాసన 34 డిగ్రీల దగ్గర వస్తుంది. పొద్దున్నే మొదటిసారి తలుపు తీసినప్పుడు ముక్కు పెట్టి చూడండి, రంగు వాసనో వెనిగర్ వాసనో తగిలితే ఇంకో వారం. ఈలోపు ప్రోబ్ మూడు గూళ్ళలోనూ తిప్పి నంబర్లు రాసుకోండి, వేడి గూడు చల్లగా ఉంటే కప్పు మార్చడానికి ఇదే టైమ్. ఆ తర్వాత నెలల్లో గ్రౌట్‌లో వెంట్రుకంత పగులు కనబడితే కంగారు పడక్కర్లేదు, గెకోని తీసి వేరే డబ్బాలో పెట్టి, ఆ చోట సాండ్‌పేపర్‌తో రుద్ది, పలచటి గ్రౌట్ ఒక పూత, గట్టిపడ్డాక వెనిగర్ నీళ్ళతో ఒకసారి కడిగి, మళ్ళీ సీలర్, పూర్తిగా గట్టిపడేదాకా జీవి బయటే ఉండాలి.